కారులోని వేడిని మోసుకుపోయేదెవరు?

బాలలారా! కిందటి వేసవిలో నా మనవడు అడిగిన ఒక ప్రశ్నకు నేను తప్పు జవాబు చెప్పాను. ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి గనక, ఆ తప్పు నన్ను చాలా రోజులు బాధించింది. దాన్ని దిద్దుకోవటానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మే నెలలో మేము గుంటూరు నుంచి మాచర్లలో ఒక పెళ్ళికి కారులో బయలుదేరాము. పల్నాటి ఎండలు ఎటువంటివో మీకు తెలుసుగా! మాచర్ల వెళ్ళే దారిలోనే రెంటచింతల ఉన్నది. వేసవి వచ్చిందంటే ఎండల వార్తలలో ఆ ఊరి పేరు పడుతూనే ఉంటుంది. మా అబ్బాయి కారు నడుపుతున్నాడు. అతని పక్కన నేను, వెనక మా ఇంటావిడా, ఆరో తరగతి చదివే మనవడూ కూర్చున్నాము. సత్తెనపల్లి దాటేదాకా కారులో హాయిగానే ఉన్నది. సున్నపుబట్టీల ఊరు పిడుగురాళ్ళ చేరేసరికి ఏసీ నుంచి గోరువెచ్చని గాలి రాసాగింది. గురజాల ఇంకా రాకముందే అది పొయ్యి ముందు కూర్చున్నట్టు అయిపోయింది. అద్దాలు దించితే వడగాలి! మా ఇంటావిడకు రక్తపుపోటు ఉన్నది. ఆమె ముఖం కందగడ్డలాగా అయి, కళ్ళు తిరుగుతున్నాయన్నది. కారును ఒక వేపచెట్టు కింద ఆపి, ఆమె తలమీద తడిగుడ్డ వేసి, మజ్జిగ తాగించి, గంటసేపు అక్కడే కూర్చున్నాము. ముహూర్తానికి మేము అందుకోలేకపోయాము.

"గ్యాసు అయిపోయినట్టున్నది. ఫిబ్రవరిలోనే గదా నింపించాను!" అని మా అబ్బాయి విసుక్కున్నాడు.

"గ్యాసు ఎందుకు అయిపోతుంది, తాతయ్యా?" అని మనవడు నన్ను అడిగాడు.

"కారు నడిస్తే పెట్రోలు అయిపోదుట్రా? ఇదీ అంతే," అన్నాను.

వాడు కాస్త ఆలోచించి, "పెట్రోలు కాలి పొగ అవుతుంది. మరి ఈ గ్యాసు ఏమవుతుంది?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. "ముందు నువ్వు నాయనమ్మకు విసురు," అన్నాను. జవాబు తెలియని మాస్టార్లు ఇటువంటి పనే చేస్తారు!

నిజానికి సగం జవాబు అప్పుడు నా కళ్ళ ముందే, మా ఇంటావిడ తలమీదనే ఉన్నది. తడిగుడ్డ చల్లగా ఎందుకుంటుంది? నీళ్ళు చల్లనివి గనక అనకండి. ఆ రోజు మా సీసాలోని నీళ్ళు ఎండకు కాగి ఉన్నాయి. అయినా గుడ్డ చల్లబడింది. తడి ఆరటమంటే నీరు ఆవిరి కావటం. ఆవిరి కావాలంటే నీటికి వేడి కావాలి. ఆ వేడిని అది గుడ్డ నుంచీ, గుడ్డ కిందనున్న తల నుంచీ లాక్కుంటుంది. ఆ వేడి ఎంతో తెలుసా? ఒక గ్రాము నీటిని 0 డిగ్రీల నుంచి 100 డిగ్రీల దాకా కాచటానికి 100 కాలరీల వేడి చాలు. కాని 100 డిగ్రీల దగ్గర మరుగుతున్న అదే గ్రాము నీటిని పూర్తిగా ఆవిరి చెయ్యటానికి 540 కాలరీలు కావాలి. కుండలో నీరు చల్లబడటమూ, ఇంజక్షను ఇచ్చే ముందు స్పిరిటు రాస్తే చెయ్యి జిల్లుమనటమూ ఇందువల్లనే. మీ సైన్సు మాస్టారిని అడిగి రెండు ధర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, రెండింటినీ ఫ్యాను గాలికి పెట్టండి. పది నిమిషాల తరవాత రెండూ ఎన్ని డిగ్రీలు చూపుతున్నాయో రాసుకోండి.

వేడిని లాక్కునే వస్తువు ఇంకొకటి ఉన్నది. అది మంచుగడ్డ. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వర్తకుడు బోస్టన్ నుంచి కలకత్తాకు ఓడలో మంచుగడ్డలు పంపాడు! అలా వచ్చిన మంచును నిలవ చెయ్యటానికి 1842లో మద్రాసు సముద్రపు ఒడ్డున కట్టిన భవనం నేటికీ ఉన్నది. ‘ఐస్ హౌస్’ అనే పేరు దానికి అందువల్లనే వచ్చింది.

అయితే కరిగిన మంచు నీళ్ళయిపోతుంది. మళ్ళీ ఓడ రావాలి. కుండలో నీరు ఆవిరై గాలిలో కలిసిపోతుంది. మళ్ళీ కుండ నింపాలి. వీటిలో వేడిని మోసే కూలీ ఒక్కసారి మోసి, తిరిగి రాకుండా వెళ్ళిపోతాడన్నమాట. కారు ఏసీలో సంగతి వేరు. అక్కడి కూలీ లోపలి వేడిని నెత్తిన పెట్టుకుని పోయి, బయట దింపి, ఖాళీ చేతులతో మళ్ళీ లోపలికి వస్తాడు. కారు నడుస్తున్నంతసేపూ తిరుగుతూనే ఉంటాడు. ఆ కూలీయే మనం ‘గ్యాసు’ అనేది. మా కారులో ఉన్న దాని పేరు ఆర్-134ఎ. అది మొత్తం కలిపి 400 గ్రాములు, అంటే రెండు గ్లాసుల నీళ్ళ బరువు ఉంటుంది. అంతే!

ఈ గ్యాసు పని తెలియాలంటే మీ వంటింట్లో ప్రెషర్ కుక్కరును తలుచుకోండి. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుందని మీరు చదువుకున్నారు. కుక్కరులో ఒత్తిడి ఎక్కువ గనక అక్కడ నీరు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కితేగాని మరగదు. ఎత్తయిన కొండలమీద గాలి ఒత్తిడి తక్కువ గనక 100 కాకముందే మరుగుతుంది. ఒత్తిడి పెరిగితే మరిగే వేడిమి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఏసీ యంత్రమంతా ఈ ఒక్క సూత్రంమీదనే ఆధారపడి ఉన్నది.

ఆర్-134ఎ మామూలు గాలి ఒత్తిడిలో, సున్నకు 26 డిగ్రీలు దిగువనే మరుగుతుంది. కారు డాష్‌బోర్డు వెనక సన్నగొట్టాల చట్రం ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ‘కూలింగ్ కాయిల్’ అంటారు. ద్రవరూపంలో ఉన్న గ్యాసు అందులోకి వస్తుంది. అక్కడి ఒత్తిడి ఇంచుమించు కారు టైరులో గాలికి ఉన్నంత, అంటే 30 పౌండ్ల ప్రాంతంలో ఉంటుంది. ఆ ఒత్తిడిలో ఈ ద్రవం ఒకటి రెండు డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. మరగటానికి కావలిసిన వేడిని ఎక్కడ తెచ్చుకుంటుంది? కాయిల్ మీదుగా బ్లోయరు కొట్టే గాలి నుంచి తెచ్చుకుంటుంది. వేడి పోగొట్టుకున్న ఆ గాలే చల్లగా మన ముఖానికి తగులుతుంది. చూశారా, మా ఇంటావిడ తలమీది తడిగుడ్డ చేసిన పనే ఇదీను.

ఇప్పుడు కూలీ నెత్తిన బరువున్నది. దాన్ని బయట దింపాలి. కాని బయట 43 డిగ్రీల ఎండ! వేడి ఎప్పుడూ ఎక్కువ వేడి ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికే పోతుంది. చల్లని ఆవిరి తన వేడిని ఎండగాలికి ఎలా ఇస్తుంది? ఇక్కడే కంప్రెసరు అనే యంత్రం సాయపడుతుంది. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కటం మీరు గమనించే ఉంటారు. అదే విధంగా కంప్రెసరు ఆ ఆవిరిని 200 పౌండ్లకు పైగా ఒత్తిడికి నొక్కి, బాగా వేడెక్కిస్తుంది. అంత ఒత్తిడిలో అది 55 డిగ్రీల ప్రాంతంలోనే మళ్ళీ ద్రవం కాగలదు. 55 డిగ్రీల దానికి 43 డిగ్రీల వడగాలి కూడా చల్లగాలే గదా! కారు ముందుభాగంలో, రేడియేటరుకు ముందు, కండెన్సర్ అనే మరొక చట్రం ఉంటుంది. ఆవిరి అందులో తిరిగి తన వేడినంతా బయటిగాలికి ఇచ్చి ద్రవమవుతుంది. ఆ ద్రవం ఒక సన్నని రంధ్రం గుండా దూరేసరికి ఒత్తిడి పడిపోతుంది, ద్రవం చల్లబడుతుంది, మళ్ళీ కూలింగ్ కాయిల్ చేరుతుంది.

ఈ ప్రయాణంలో గ్యాసు ఎక్కడా కాలలేదు, ఎక్కడా ఖర్చు కాలేదు. గొట్టాల రబ్బరు గుండానూ, తిరిగే ఇరుసు పక్క నుంచీ ఏడాదికి కొద్ది గ్రాములు ఊరిపోవచ్చు. అందుకని మంచి స్థితిలో ఉన్న కారుకు ఏళ్ళ తరబడి గ్యాసు నింపనక్కర్లేదు. నాలుగు నెలల్లో అయిపోయిందంటే, ఎక్కడో చిల్లు ఉన్నదన్నమాట!

ఇదంతా నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది కొంత, మా ఊరి చివర రేకుల షెడ్డులో పనిచేసే ఒక మెకానిక్కు దగ్గర తెలుసుకున్నది కొంత. అంతకుముందు మేము వెళ్ళే షాపులో రెండేళ్ళలో మూడుసార్లు గ్యాసు నింపారు. వెళ్ళినప్పుడల్లా, "ఇది మామూలేనండీ, అయిపోతూ ఉంటుంది," అనేవాళ్ళు. నేను మనవడికి చెప్పింది ఆ షాపువాళ్ళ చదువే. కొత్త మెకానిక్కు చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. కాని అతను మా మాటలు విని, "నింపటానికేముంది, మాస్టారూ! ఎక్కడ పోతున్నదో చూడకుండా నింపితే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే గదండీ!" అన్నాడు.

అతను ముందు గ్యాసు జోలికి పోలేదు. టార్చిలైటు పుచ్చుకుని గొట్టాల అతుకులన్నీ ఒక్కొక్కటే చూశాడు. గ్యాసుతోబాటు కంప్రెసరుకు కావలిసిన నూనె కూడా గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. గ్యాసు కారినచోట ఆ నూనె చెమ్మలాగా బయటికి వచ్చి, దుమ్ము పట్టి, నల్లని జిడ్డుమరక అవుతుంది. కండెన్సరు దగ్గర అతుకుమీద అటువంటి మరక వేలెడు మేర కనిపించింది. అతను ఆ మరకతో తృప్తిపడలేదు. మిగిలిన గ్యాసును యంత్రంతో సిలిండరులోకి లాగేసి, గొట్టాలలో నైట్రోజన్ వాయువు ఎక్కించాడు. దానిలో తేమ ఉండదు, అది అంటుకోదు. తరవాత గిన్నెలో సబ్బునురుగు కలిపి, బ్రష్షు మా మనవడి చేతికిచ్చి, "నువ్వు రాయి, బాబూ," అన్నాడు. వాడు అతుకుమీద నురుగు రాసీ రాయగానే సన్నని బుడగలు వరసగా పైకి వచ్చాయి. "తాతయ్యా! గ్యాసు ఏమవుతున్నదో కనిపించింది!" అని వాడు కేక పెట్టాడు.

అతుకు విప్పితే లోపల చిటికెనవేలి గోరంత రబ్బరు రింగు ఎండి చిట్లి ఉన్నది. దాని ఖరీదు మూడుసార్లు గ్యాసుకు పోసిన డబ్బుతో పోలిస్తే లెక్కలోకే రాదు. కొత్త రింగు వేసి, తేమను పీల్చే డ్రయ్యరును కూడా అతను మార్చాడు. గొట్టాలు విప్పితే గాలిలోని తేమ లోపలికి చేరుతుంది. ఆ తేమ లోపల గడ్డకట్టి రంధ్రాన్ని మూయగలదు, నూనెను చెడగొట్టగలదు. దాన్ని తియ్యటం ఎలా? గొట్టాలలోని గాలినంతా పంపుతో లాగేస్తారు. ఒత్తిడి దాదాపు ఏమీ లేకపోయేసరికి లోపలి తేమ మామూలు వేడిమికే మరిగి, ఆవిరై బయటికి వచ్చేస్తుంది. కొండమీది నీరు గుర్తున్నదా? అదే ఇది!

పంపు ముప్పావుగంట ఆడింది. ఆ ముప్పావుగంటలో నేను మనవడికి గ్యాసు కథ చెప్పాను. 1930 తరవాత వాడుకలోకి వచ్చిన ఆర్-12 అనే గ్యాసు వాసన లేనిది, అంటుకోనిది. అందరూ దాన్ని మెచ్చుకున్నారు. 1974లో మోలినా, రోలాండ్ అనే శాస్త్రజ్ఞులు, ఇటువంటి గ్యాసులు ఆకాశంలో పైపొరలకు చేరి, సూర్యుడి తీక్షణ కిరణాల నుంచి మనను కాపాడే ఓజోను పొరను తినేస్తాయని హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా పైన ఓజోను బాగా పలచబడిందని బ్రిటిషు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 1987లో మాంట్రియల్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకుని అటువంటి గ్యాసులు మానటం మొదలుపెట్టాయి. మన దేశం 1992లో అందులో చేరింది. కార్లలో ఆర్-12 పోయి ఆర్-134ఎ వచ్చింది. ఇది ఓజోనును ముట్టదు. కాని భూమిని వేడెక్కించటంలో బొగ్గుపులుసు వాయువుకన్నా, నూరేళ్ళ లెక్కన, సుమారు 1,400 రెట్లు బలమైనది! అందుకని 2016లో కిగాలి నగరంలో మరొక ఒప్పందం జరిగింది. ఇప్పుడు చాలా కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ అనే గ్యాసు వాడుతున్నారు. దానివల్ల భూమికి చేటు చాలా తక్కువ, కాని అది కొద్దిగా అంటుకునే గుణం కలది. ఒకదానికి బదులు ఇంకొకటి పొయ్యరాదు. కారు బానెట్ కింద అంటించిన కాగితంలో ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అన్నది ఉంటుంది.

మనవడు షెడ్డులో దొరికిన అట్టముక్కమీద లెక్క వేశాడు. 400 గ్రాములు, 1,400 రెట్లు. అంటే 560 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల ఆ వాయువు వస్తుంది. ఆ లెక్కన ఒక్క నింపుడు గ్యాసు గాలిలో కలిస్తే సుమారు 240 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు! "మనం మూడుసార్లు నింపించాము గదా, తాతయ్యా," అన్నాడు వాడు. పాత షాపులో ఎన్నడూ తూచి నింపలేదు గనక మొత్తం లెక్క తేలలేదు. తేలకపోవటమే మంచిదని నాకు లోలోపల అనిపించింది.

మెకానిక్కు పంపు ఆపి, గేజి ముల్లు కదులుతుందేమోనని ఇరవై నిమిషాలు చూశాడు. అది కదలలేదు. అప్పుడు సిలిండరును కాటామీద పెట్టి సరిగ్గా 400 గ్రాములు తూచి ఎక్కించాడు. "ఇంకాస్త పోస్తే ఇంకా చల్లగా ఉంటుందా?" అని మనవడు అడిగాడు. "ఉండదు, బాబూ. కండెన్సరులో చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. చల్లదనం తగ్గుతుంది, కంప్రెసరు నలిగిపోతుంది," అన్నాడతను.

ఇంజను వేసి ఏసీ మీట నొక్కగానే ‘టక్’ మని చప్పుడయింది. అది కంప్రెసరును ఇంజనుకు తగిలించే అయస్కాంతపు క్లచ్చి చప్పుడు. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీవారు మొదటిసారిగా తమ కార్లకు ఏసీ అమర్చి అమ్మారు. వాటికి ఈ క్లచ్చి లేదు. ఏసీ వద్దనుకుంటే కారు ఆపి, దిగి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదియ్యాలి! ఇప్పటి ‘టక్’ విలువ అది చదివితేనే నాకు తెలిసింది.

వచ్చేముందు మెకానిక్కు మాకు కొన్ని జాగ్రత్తలు చెప్పాడు. కండెన్సరుమీద దుమ్మూ, పురుగులూ పేరుకుంటే వేడి బయటికి పోదు గనక, దాన్ని మెల్లని నీటిధారతో కడగాలి. జోరుగా కొడితే దాని సన్నరేకులు వంగిపోతాయి. గాలి వచ్చే దారిలోని ఫిల్టరును తీసి చూస్తూ ఉండాలి. మా కారు ఫిల్టరు తీస్తే అందులో గుప్పెడు వేపాకులు వచ్చాయి. చలికాలంలో కూడా వారానికొకసారి కొద్ది నిమిషాలు ఏసీ వెయ్యాలి. అప్పుడే నూనె తిరిగి రబ్బరు రింగులు ఎండిపోకుండా ఉంటాయి. గొట్టాల మూతలు మాత్రం పిల్లలూ, పెద్దలూ కూడా విప్పరాదు. ఆ గ్యాసు చిమ్మితే కంటినీ, చర్మాన్నీ గడ్డకట్టించగలదు.

ఒక సంగతి నేను చెప్పవలిసి ఉన్నది. ఇంజను ఆగితే మామూలు కార్లలో కంప్రెసరు ఆగుతుంది, వేడిని మోసే కూలీ నిలిచిపోతాడు. ఎండలో మూసి ఉంచిన కారులో గంట తిరిగేసరికి వేడి బయటికన్నా 20 డిగ్రీల దాకా పెరగగలదు. 2025 మే నెలలో విజయనగరం జిల్లాలో ఆడుకుంటూ, ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పసివాళ్ళు, తలుపులు తెరుచుకోక చనిపోయారు. పిల్లలూ, ఆగి ఉన్న కారు ఆటస్థలం కాదు. పెద్దలు కారు తాళం చెవులు పిల్లలకు అందనివ్వకండి. ఇంజను వేసి, అద్దాలు మూసి, ఏసీలో నిద్రపోవటమూ ప్రమాదమే. పొగలోని విషవాయువు తెలియకుండా లోపలికి చేరవచ్చు.

నేను ఇంటి నుంచి తీసుకుపోయిన ధర్మామీటరును తిరిగి వచ్చే దారిలో గాలి వచ్చేచోట పెట్టాను. బయట 41 డిగ్రీలు, అక్కడ 9 డిగ్రీలు ఉన్నది. ఇంటిముందు కారు ఆగగానే మనవడు కిందికి వంగి చూసి, "తాతయ్యా! మళ్ళీ కారుతున్నది!" అని కంగారుపడ్డాడు. కారు కింద బొట్లు బొట్లుగా నీళ్ళు పడుతున్నాయి. చల్లని మంచినీళ్ళ గ్లాసుకు బయట చెమట పట్టినట్టే, చల్లని కూలింగ్ కాయిల్ మీద గాలిలోని తేమ నీరవుతుంది. ఆ నీరు ఒక చిన్నగొట్టం గుండా కిందికి పోతుంది. పోకపోతేనే చిక్కు. అప్పుడు కారులో పరిచిన పట్టా తడిసి వాసన వేస్తుంది.

ఈసారి నేను జవాబు సరిగానే చెప్పాను. కాని వాడు నమ్మలేదు. లోపలికి పరిగెత్తిపోయి, సబ్బునురుగు కలుపుకుని వచ్చాడు.